ఇరవై యూరోల సింహం

టర్కీలో ఎఫెసస్ శిథిలాల కింది గేటు బయట ఒకాయన రుమాలు విప్పి, సింహం తల ఉన్న నాణెం చూపించాడు. తన పొలంలో దొరికిందట, 150 యూరోలట. మా బావమరిదికి ప్రొద్దుటూరులో బంగారం కొట్టుంది. బేరమాడి 20కి దించి, జేబులో వేసుకుని నా వంక గర్వంగా చూశాడు. లోపలికి తలా 40 యూరోల టికెట్ అయ్యిందని మా ఆవిడ అప్పటికే గుర్రుగా ఉంది.

నాకు అనుమానం రావడానికి కారణం ఉంది. నిరుడు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియం 68వ గదిలో, పైసా టికెట్ లేకుండా అసలు సింహం నాణేన్ని చూశాను. ఇప్పటి టర్కీలో ఒకప్పుడుండే రాజ్యం లిడియా. ఆ లిడియా నాణెం చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది, బరువు 4.7 గ్రాములు. సింహం ముక్కు పైన ఒక బొడిపె ఉంటుంది. వెనకవైపు బొమ్మ ఉండదు, అచ్చు గుద్దిన రెండు గుంటలే. మావాడి నాణెం వెనక కిరీటంతో రాజుగారున్నారు! నిజమైనదైతే ఇంకా ప్రమాదం, పురాతన వస్తువులు దేశం దాటించడం టర్కీలో నేరం.

ఎఫెసస్ పక్క ఊరు సెల్చుక్‌లో హోటల్ బాగుంది, పాలకూర పెట్టి కాల్చిన రొట్టె గోజ్లెమె ఇంకా బాగుంది. అక్కడి ఆర్టెమిస్ దేవత గుడికి టికెట్ లేదు: ఒక్క స్తంభం, పైన కొంగ గూడు, చుట్టూ బురద. 1904-05లో హోగార్త్ అనే పురాతత్వవేత్త తవ్వినప్పుడు ఈ ఎలక్ట్రమ్ (బంగారం, వెండి కలిసిన లోహం) నాణేలు బయటపడ్డది ఆ పునాదుల్లోనే. ఐదు నిమిషాలు చాలు, కానీ వెళ్ళండి.

ఇజ్మీర్ నుంచి లిడియా పాత రాజధాని సార్డిస్‌కి టాక్సీ రానుపోను 120 యూరోలు. ఎక్కువే, అయినా నాకు బాధ లేదు. ఒకప్పుడు బంగారు రేణువులు కొట్టుకొచ్చిన పాక్టోలస్ ఇప్పుడు పిల్లవాగు. "దీనికోసమా?" అని మా ఆవిడ కారు దిగలేదు. ఒడ్డున లిడియా రాజు క్రోయిసస్ కాలపు కొలిముల జాడలున్నాయి. వాగు బంగారంలో వెండి కలిసే ఉండేది, ఉప్పు పెట్టి కాల్చి రెండూ విడదీసేవాళ్ళు. అది వినగానే బావమరిది ఎండలో అరగంట గొంతుకూర్చున్నాడు. అంతకు ముందరి సింహం నాణేల్లో బంగారం సగం పైచిలుకే, వాగు బంగారంలో అంతకంటే ఎక్కువ ఉండేది, వెండి కావాలనే కలిపారన్నాను.

"రాజులూ కల్తీ చేశారన్నమాట" అని నవ్వాడు.

మన గీటురాయినే గ్రీకులు లిడియా రాయి అనేవాళ్ళని కూడా చెప్పాను. నాణెం తీసి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"రాయి కొట్లోనే వదిలేసొచ్చా బావా."