ఎల్క్‌కీ జింకకీ ఒకే తూటా: సీసమా, రాగా?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో రైఫిల్ వేట సీజన్లు నాలుగు. మొదటిది ఎల్క్‌కి (జింక జాతిలోనే భారీ జంతువు) మాత్రమే. మిగతా మూడింటిలో ఎల్క్, జింక రెండూ కలిసి ఉంటాయి. రెండింటికీ పర్మిట్లు దొరికినవాళ్లకి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. పొద్దున ఆస్పెన్ చెట్ల మధ్య మ్యూల్ జింక ఎదురుపడొచ్చు, సాయంత్రం పచ్చిక బయల్లోకి ఎల్క్ మంద దిగొచ్చు. చేతిలో రైఫిల్ ఒకటే, అందులో తూటా రకం ఒకటే. బాగా ఎదిగిన మగ మ్యూల్ జింక వంద కిలోల దాకా తూగుతుంది. మగ ఎల్క్ మూడు వందలు దాటుతుంది.

వేటలోకి కొత్తగా వచ్చే మనవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇదే: "అన్నా, .308 కొనమంటావా, .300 మాగ్నమ్ కొనమంటావా?" ఇవి తూటా సైజుల పేర్లు. దానికి ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. తూటా కొసన ఉండే గుండుని దేనితో చేశారు, ఎలా చేశారు? జంతువుని తాకేది ఆ గుండే కాబట్టి మొదట దాని సంగతి చూద్దాం.

లోపలికి వెళ్లగానే గుండు విచ్చుకోవాలి, విచ్చుకున్నాక కూడా ముందుకు దూసుకుపోవాలి. రెండు ఊపిరితిత్తుల గుండా వెడల్పాటి గాయం పడితే జంతువు ఎంతోసేపు నిలబడలేదు. జింక పక్కటెముకలు పలచన. మరీ గట్టి గుండు అక్కడ సరిగ్గా విచ్చుకోకుండానే సన్నటి బెజ్జం చేసి అవతలికి పోతే, జింక చాలా దూరం పరుగెడుతుంది. ఎల్క్ భుజం దగ్గర సమస్య తిరగబడుతుంది. మందపాటి తోలు, భుజం ఎముక, దాని చుట్టూ దిట్టమైన కండ. మెత్తటి గుండు అక్కడే చితికిపోతే ఊపిరితిత్తుల దాకా చేరదు. గాయంతో తప్పించుకున్న ఎల్క్ ఎక్కడో లోయలో నరకం అనుభవిస్తూ చస్తుంది. వేటాడేవాడికి ఉండాల్సిన మొదటి భయం అది.

సీసం గుండ్లలో రకాలున్నాయి. అన్నిటికన్నా పాతదీ చవకైనదీ మామూలు రకం: లోపల సీసం, పైన రాగి తొడుగు. రెమింగ్టన్ వాళ్ల కోర్-లోక్ట్ 1939 నుంచి వస్తోంది, ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది. జింకకి మాత్రమే వెళ్లేవాళ్లకి ఇది నిజంగా చాలు. ఎల్క్ దగ్గరకొచ్చేసరికే నాకు నమ్మకం తగ్గుతుంది. దగ్గరి దూరంలో, వేగం బాగా ఉన్నప్పుడు ఎముకకి తగిలితే సీసం, తొడుగు విడిపోవచ్చు. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జాన్ నాస్లర్ అనే వేటగాడు ఒక మూస్‌ని (ఎల్క్ కన్నా పెద్ద జంతువు) కొట్టినప్పుడు గుండ్లు పైపైనే చితికిపోయి లోపలికి దిగలేదు. ఆ తర్వాత ఆయన గుండు మధ్యలో అడ్డంగా రాగి గోడ పెట్టాడు. ముందు సగం చెదిరిపోయినా వెనక సగం చెక్కు చెదరకుండా లోపలికి దిగుతుంది. దాన్నే పార్టిషన్ పేరుతో 1948 నుంచి అమ్ముతున్నారు. మూడోది బాండెడ్ రకం. ఇందులో సీసాన్ని తొడుగుకి అతికించేస్తారు, విడిపోవడం అంత తేలిక కాదు. నాస్లర్ ఆక్యుబాండ్, ఫెడరల్ ట్రోఫీ బాండెడ్ టిప్ ఈ కోవలోవి.

రాగి గుండులో సీసం అసలుండదు. బార్న్స్ కంపెనీ 1989లో తెచ్చిన ఎక్స్ బులెట్‌తో ఈ రకానికి పేరొచ్చింది. ముక్కు దగ్గర చిన్న బెజ్జం ఉంటుంది. తాకిన ఒత్తిడికి ముక్కు నాలుగు రేకులుగా వెనక్కి విచ్చుకుంటుంది.

ఎల్క్ అవతలి వైపు తోలు కింద దొరికిన బాండెడ్ గుండుని కడిగి చూడండి. ముందు భాగం పుట్టగొడుగులా విప్పారి, అంచుల్లో బూడిద రంగు సీసం చిరిగి ఉంటుంది. త్రాసులో పెడితే మొదటి బరువులో నాలుగో వంతో, ఒక్కోసారి మూడో వంతో తగ్గి ఉంటుంది. ఆ తగ్గిన సీసమంతా మాంసంలోనే ఉంది. రాగి గుండుని తూచితే, రేకులు విరగకపోతే, దాదాపు మొదటి బరువే వస్తుంది. నేను రాగి వైపు మొగ్గడానికి ఈ తూకమే కారణం, అందులోనూ ఇంట్లో పిల్లలు ఆ మాంసం తింటారు కాబట్టి.

2008లో నార్త్ డకోటాలో పేదలకి దానంగా ఇచ్చిన జింక ఖీమాని స్కాన్ చేస్తే చాలా ప్యాకెట్లలో లోహపు తునకలు కనిపించాయి. ఆ ప్యాకెట్లని పారేయమని రాష్ట్ర ఆరోగ్య శాఖ చెప్పింది. అదే ఏడాది అక్కడ 738 మంది రక్తం పరీక్షిస్తే, వేట మాంసం తినేవాళ్లలో సీసం మిగతావాళ్లకన్నా కొంచెం ఎక్కువగా తేలింది. తేడా చిన్నదే, పెద్దవాళ్లు కంగారు పడాల్సిన స్థాయి కాదు. కానీ ఎదిగే పిల్లల మెదడుకి ఇంత వరకు సీసం పర్వాలేదు అనే గీత ఎవరూ గీయలేదు. గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లలు సీసం గుండుతో కొట్టిన మాంసం తినొద్దని ఆ రాష్ట్రమే సలహా ఇచ్చింది.

మన వంటకి ఇది ఇంకొంచెం ఎక్కువగా వర్తిస్తుంది. గాయం చుట్టూ నల్లగా గడ్డకట్టిన మాంసాన్ని కోసి పారేస్తాం, సరే. కంటికి ఆనని తునకలు అక్కడితో ఆగవు, గాయానికి జానెడు దూరంలో కూడా ఉండొచ్చు. స్టేక్ కోసుకునేవాళ్లు తొడ, వెన్ను భాగాలు తింటారు. మనం భుజం మాంసం ఖీమా కొట్టించుకుంటాం, గాయం పడేది ఆ భుజం దగ్గరే. పైగా వేట మాంసం గట్టిగా ఉంటుందని పెరుగో నిమ్మరసమో పట్టించి రాత్రంతా నానబెడతాం, కూరలో చింతపండు పులుసు పోస్తాం. పులుపులో సీసం ఎక్కువగా కరుగుతుంది. ఫ్రీజర్‌లో ఏడాదికి సరిపడా మాంసం పెట్టుకునే ఇంట్లో ఈ సంగతి పట్టించుకోకపోతే ఎలా?

మనం వదిలేసి వచ్చిన పేగులు, కళేబరం తినే పక్షుల మాట కూడా ఉంది. కాలిఫోర్నియాలో కాండర్ రాబందులు సీసం తిని చనిపోతుంటే 2013లో చట్టం చేశారు. 2019 జులై 1 నుంచి ఆ రాష్ట్రంలో ఏ వేటకీ సీసం వాడకూడదు. అక్కడ ఉండేవాళ్లకి కాబట్టి ఈ పోలికే అక్కర్లేదు, రాగే గతి.

రాగికి లోపాలు లేకపోలేదు. సీసం కన్నా తేలిక లోహం కాబట్టి అదే బరువుకి గుండు పొడుగవుతుంది. విచ్చుకోవడానికి వేగం కూడా కావాలి. సెకనుకి 2,000 అడుగుల కన్నా వేగం తగ్గాక నేనైతే నమ్మను. అందుకే సీసంలో 180 గ్రెయిన్లు (గుండు బరువు కొలత) వాడేవాళ్లు రాగిలో 150కో 165కో దిగాలి. బరువు తగ్గిందని బెంగ వద్దు, ఆ బరువంతా చివరి దాకా గుండుతోనే ఉంటుంది. గ్రాముకి పదిహేను గ్రెయిన్ల పైచిలుకు కాబట్టి 165 గ్రెయిన్లంటే పదకొండు గ్రాములు కూడా ఉండదు. ధర మాత్రం మామూలు సీసం కన్నా బాగా ఎక్కువ. నాలుగు, అయిదు వందల గజాల నుంచి కొడతానంటే బాండెడ్ నయం, అది తక్కువ వేగంలోనూ విచ్చుకుంటుంది. అంత దూరం నుంచి ఎల్క్‌ని కొట్టడం చాలామందికి తగని పని అన్నది నా అభిప్రాయం.

ఇక తూటా సైజు. .243 జింకకి చక్కటిది. కొలరాడో రూల్ ప్రకారం ఎల్క్‌కీ పనికొస్తుంది: గొట్టం వ్యాసం కనీసం .24 అంగుళం, విచ్చుకునే గుండు, జింకకి 70 గ్రెయిన్లు, ఎల్క్‌కి 85, వంద గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి. రూల్ ఒప్పుకున్నా, ఎల్క్‌కి .243 నేను ఎవరికీ చెప్పను. 6.5 క్రీడ్‌మోర్ భుజాన్ని పెద్దగా తన్నదు, గురి బాగా కుదురుతుంది. ఎల్క్‌కి వాడితే మంచి గుండు ఎంచుకుని, మూడు వందల గజాల లోపు, జంతువు పక్కకి తిరిగి నిలబడ్డప్పుడు మాత్రమే కొట్టాలి. 1925 నాటి .270కి 130 గ్రెయిన్ల రాగి గుండు పెడితే రెండింటికీ హాయిగా సరిపోతుంది. .30-06 వయసు నూరేళ్లు దాటింది. .308 దాని కన్నా సెకనుకి వంద అడుగులు అటూఇటూగా వెనకబడుతుంది, అంతే. రెండింటిలోనూ పెట్టే గుండు ఒకటే కొలత, ఎల్క్‌కి ఆ తేడా తెలియదు.

.300 విన్‌చెస్టర్ మాగ్నమ్ శక్తిలో వీటన్నిటినీ మించుతుంది. కానీ దాని తన్నుకి భయపడి ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకునేవాళ్లని రేంజ్‌లో చాలామందిని చూశాను. అలా కొట్టిన గుండు పొట్టలో పడితే ఆ అదనపు శక్తితో ఏం లాభం?

వీసా మీద ఉన్నవాళ్లకి ఒక్క మాట. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాలవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు దొరుకుతుంది. లైసెన్స్ రాకముందు తూటాల పెట్టె కూడా కొనొద్దు. గడువు తీరాక తుపాకీ ఇంట్లో ఉంటే అదీ చిక్కే. కొనే ముందు లాయర్‌ని అడగండి. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్స్ కోసం మామూలుగా హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేయాలి.

నా ఎంపిక .308 లేదా .30-06, అందులో 150 లేదా 165 గ్రెయిన్ల రాగి గుండు. రాగి దొరక్కపోతే, లేదా మీ రైఫిల్‌కి అది పడకపోతే, అదే బరువులో బాండెడ్. ఈ పడకపోవడం నిజంగానే ఉంటుంది: ఒక గొట్టం బార్న్స్‌ని మూడు తూటాలకీ ఒకే చోట పెడితే, పక్క గొట్టం అదే తూటాలని అరచేయంత చెదరగొడుతుంది. అందుకని ముందు రెండు, మూడు కంపెనీల పెట్టెలు ఒక్కొక్కటే కొని, గొట్టం లోపలి పాత మసిని బాగా శుభ్రం చేసి, వంద గజాల దగ్గర కొట్టి చూడండి. కుదిరింది తేలాక అదే లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన గుర్తు) ఉన్న పెట్టెలు సీజన్‌కి సరిపడా తెచ్చుకోండి. మోకాలి మీద, చేతికర్ర ఆనుకుని చేసే ప్రాక్టీసంతా చవక సీసం తూటాలతోనే చేసుకోవచ్చు. అక్టోబర్‌లో కొండెక్కే ముందు మాత్రం రాగి తూటాలతో జీరో (గురి పెట్టిన చోటే గుండు పడేలా చేసే అమరిక) మళ్లీ సరిచూసుకోవాలి, రెండు రకాలూ ఒకే చోట పడవు.