లాగుతుంటే కుర్చీలోంచి లేచేయండి: విశాఖలో బాండ్ ఎక్స్‌టెన్షన్లు తీయించుకునేవాళ్ళకు హెచ్చరిక

పెళ్ళి ముహూర్తాలు ముగిసిన రెండు మూడు నెలలకు అసలు బాధ మొదలవుతుంది. పూలజడకు ఒత్తు చాలదని పెట్టించుకున్న బాండ్ ఎక్స్‌టెన్షన్లు, అంటే సొంత జుట్టుకు అతికించే అదనపు పాయలు, కిందికి దిగి, దువ్వెన పళ్ళకు తగులుతూ, పడుకుంటే దిండుకు ఒత్తుకుంటూ ఉంటాయి. పెట్టిన పార్లర్‌కి ఫోన్ చేస్తే "మేం పెట్టడమే మేడమ్, తీయం" అంటారు. దాంతో ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో దగ్గర్లో కనిపించిన పార్లర్‌కి వెళ్తారు. అక్కడ "అరగంట పని, కూర్చోండి" అన్నారంటే దయచేసి కూర్చోకండి.

తల నిండా పెట్టినవైతే 100 నుంచి 200 పాయలు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్క నిమిషం వేసుకున్నా గంటన్నర దాటుతుంది. చిక్కు పడి ఉంటే మూడు గంటలు కూడా పడుతుంది. అరగంటలో అయిపోయిందంటే జిగురు కరగకుండానే లాగారని అర్థం. అలా లాగిన ప్రతిసారీ మీ సొంత వెంట్రుకలు కొన్ని మధ్యలో తెగుతాయి, కొన్ని కుదురుతో సహా ఊడి వస్తాయి. ఎక్స్‌టెన్షన్ల వల్ల జుట్టంతా పోయిందని ఏడ్చేవాళ్ళలో చాలామందికి ఆ నష్టం జరిగేది తీసిన రోజునే.

ముందు మీ తలలో ఉన్నది ఏ రకమో చూసుకోండి. పాయ మొదట్లో బియ్యపు గింజంత గట్టి ముద్ద ఉంటే అది కెరాటిన్ బాండ్. వేడి మిషన్‌తో కరిగించి అతికిస్తారు. మీ జుట్టును మధ్యలో పెట్టి పైనా కిందా పల్చటి పట్టీలు అంటించి ఉంటే టేప్. చిన్న లోహపు రింగు తగిలితే దానికి జిగురే ఉండదు. వరసగా కుట్టిన జుట్టు పట్టీని నల్లటి రబ్బరు జిగురుతో అంటించే పద్ధతి ఇంకొకటి ఉంది. దేని మందు దానిదే. కెరాటిన్‌ను ఆల్కహాల్ రిమూవర్ విరగ్గొడుతుంది. టేప్‌కు టేప్ రిమూవరే వాడాలి, నారింజ తొక్క వాసన వచ్చేవి ఎక్కువగా ఆ రకమే. రబ్బరు జిగురును నూనె రిమూవర్ వదిలిస్తుంది. రింగుకు ప్లయర్ చాలు: నొక్కి చదును చేసిన రింగును అడ్డంగా పట్టి మెల్లగా నొక్కితే మళ్ళీ గుండ్రంగా తెరుచుకుంటుంది, పాయ జారిపోతుంది. ఏ రకమో చూడకుండా అన్నిటికీ ఒకే సీసా తెచ్చేవాళ్ళకు పని రాదు.

మనవాళ్ళు తరచూ చేసే పొరపాటు కొబ్బరినూనె. రాత్రంతా నూనె పెట్టుకుంటే పొద్దుటికి ఊడిపోతాయని ఎవరో చెబుతారు. టేప్ అయితే నూనెకు మెత్తబడుతుంది, కానీ శుభ్రంగా వదలదు. జిగురు సాగి పక్క వెంట్రుకలకు పాకుతుంది. కెరాటిన్ బాండ్‌కైతే ఇది మరీ చెరుపు. నూనె పట్టిన ముద్దలోకి ఆల్కహాల్ సరిగ్గా దిగదు, తర్వాత ఎంత మందు పోసినా ముద్ద విరగదు. అందుకే తీయించుకునే ముందు మూడు నాలుగు రోజులు నూనె, సీరం, కండిషనర్ ఏవీ కుదుళ్ళ దగ్గరికి రానివ్వకండి. జుట్టు పొడిగా ఉండగా వెళ్ళండి.

కెరాటిన్ బాండ్ తీసే పద్ధతి ఇదీ. కుర్చీలో కూర్చున్నప్పుడు అద్దంలో గమనిస్తూ ఉండండి.

మెడ వెనక కింది వరస నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. మిగతా జుట్టును క్లిప్పులతో పైకి కట్టేయాలి. బాండ్లు తీసే ప్లయర్ నోట్లో సన్నటి గాట్లు ఉంటాయి గానీ కోసే అంచు ఉండదు. వైర్లు కత్తిరించే ప్లయర్ కనిపిస్తే వద్దనండి. మొదట మందు లేకుండానే ముద్దను పై నుంచి కింది దాకా రెండు మూడు చోట్ల మెల్లగా నొక్కాలి. పగుళ్ళు పడితేనే లోపలికి మందు వెళ్తుంది. ఆ పగుళ్ళ మీద రెండు మూడు చుక్కల రిమూవర్ వేసి అర నిమిషం దాకా ఆగాలి. తర్వాత ప్లయర్‌ను అడ్డంగా తిప్పి మళ్ళీ నొక్కాలి. ఇప్పుడు ముద్ద గాజులా మెరవడం మాని తెల్లగా మారి, పంచదార పలుకుల్లా పొడి రాలుతుంది. అప్పుడు ఒక చేత్తో కుదురు దగ్గర మీ జుట్టును గట్టిగా పట్టుకుని, రెండో చేతి రెండు వేళ్ళతో పాయను కిందికి జార్చాలి. బరువంతా ఆ పట్టుకున్న చేతి మీదే పడాలి, మాడుకు లాగుడు అస్సలు తెలియకూడదు. జారకపోతే మళ్ళీ మందు, మళ్ళీ ఆగడం, మళ్ళీ నొక్కడం. మూడుసార్లు చేయాల్సి వచ్చినా తప్పు లేదు. లాగడం మాత్రం తప్పే.

ఎన్నిసార్లు మందు వేసినా ముద్ద గాజులా గట్టిగానే ఉందంటే కెరాటిన్ పేరు చెప్పి సూపర్ గ్లూ లాంటిదేదో వాడి ఉండొచ్చు. దాన్ని విడదీసేది అసిటోన్. గోళ్ళ రంగు చెరిపే మందుల్లో చాలావాటిలో ఉండేది ఇదే. కుదుళ్ళ మీద పోయనివ్వకండి, మాడు మండుతుంది, జుట్టు గడ్డిలా ఎండిపోతుంది. చిన్న దూది ఉండను తడిపి, ట్వీజర్‌తో పట్టి ఆ ముద్దకు మాత్రమే అద్దాలి. ఇది అనుభవం ఉన్న చేతి పని, ఇంట్లో చేసుకోకండి.

మందుల షాపులో దొరికే స్పిరిట్‌తో ఇంట్లోనే చేసుకుంటాం అనేవాళ్ళకు ఒక మాట. 70 శాతం స్పిరిట్‌లో మిగతాది ఎక్కువగా నీళ్ళే, అందుకే పని నెమ్మదిగా సాగుతుంది, జుట్టు ఎక్కువ పొడిబారుతుంది. వెనక వైపు మీకు మీరు చూసుకోలేరు కాబట్టి రెండో మనిషి తప్పనిసరి. ఇవన్నీ భగ్గున అంటుకునే ద్రవాలు. దేవుడి దీపం, గ్యాస్ పొయ్యి, వేడి స్ట్రెయిట్‌నర్ ఉన్న గదిలో మూత తీయకండి. కిటికీలు తెరిచి ఉంచండి.

బాండ్లన్నీ వచ్చాక సగం పని అయినట్టు. ఎక్కువమంది జుట్టు పోగొట్టుకునేది ఇక్కడే. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలు. బాండ్‌లో చిక్కుకున్నవి రాలినా కింద పడవు, అక్కడే వేలాడుతూ పక్కవాటిని చుట్టుకుంటాయి. మూడు నెలలకు ప్రతి బాండ్ పైన ఒక చిన్న ఉండ తయారవుతుంది. మన ఊరి ఉక్కకు మెడ వెనక చెమట, రుషికొండ బీచ్‌లో మునిగివచ్చిన ఉప్పు, స్కూటీ మీద హెల్మెట్ రాపిడి కలిసి ఆ ఉండలను బిగిస్తాయి. ఈ స్థితిలో తలంటు పోసేస్తారు చూడండి, అదే కొంప ముంచుతుంది. తడిసిన ఉండ ముడి బిగుసుకుంటుంది, ఆపై కత్తెర తప్ప దారి ఉండదు. జుట్టు పొడిగా ఉండగానే ఒక్కో పాయను వేళ్ళతో విడదీసి, చివర్ల నుంచి మొదలుపెట్టి, వెడల్పు పళ్ళ దువ్వెనతో పైకి రావాలి. తర్వాత సన్న దువ్వెనతో జిగురు పొడి దులపాలి. ఒక్క ముడి కూడా మిగల్లేదని చేత్తో తడిమి చూశాకే షాంపూ. "ముందు వాష్ చేసేద్దాం మేడమ్" అన్నారంటే ఆపండి.

దువ్వినప్పుడు గుప్పెడు జుట్టు వస్తే గుండె ఆగినంత పనవుతుంది. కంగారు పడకుండా తెల్ల కాగితం మీద పరిచి చూడండి. వెంట్రుకలు పూర్తి పొడవుతో ఉండి, ఒక చివర చిన్న తెల్ల బుడిపె ఉంటే చాలావరకు అవి మూడు నెలలుగా రాలి ఇరుక్కున్నవే. అయితే తీస్తున్నప్పుడు చురుక్కుమని నొప్పి పుట్టి వచ్చినవైతే అవి పీకినవి. పొట్టి ముక్కలుగా, బుడిపె లేకుండా ఉన్నవి తెగినవి. తెగినవి ఎక్కువ కనిపిస్తే పని అక్కడితో ఆపించి, ఆ కాగితం ఫోటో తీసుకోండి.

తీయించుకోవడానికి సరైన సమయం కూడా ఉంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ముద్ద మాడుకు 3 సెం.మీ. దూరం జరిగిందంటే ఇక ఆగకూడదు. కెరాటిన్‌కు మూడు, మహా అయితే నాలుగు నెలలు. టేప్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఇంకో పండగ గడవనిద్దాం అనుకుంటే ఆ బరువంతా కొద్దిపాటి వెంట్రుకల మీద వేలాడుతుంది. తీసిన రోజే రంగు వేయించడం, స్మూతెనింగ్ చేయించడం వద్దు. కొత్త సెట్ పెడితే తీయడం ఉచితం అని ఊరిస్తారు, దానికీ లొంగకండి. కనీసం నెల రోజులు తలను ఖాళీగా వదలండి.

ఇక కొత్తగా పెట్టించుకోబోయేవాళ్ళు డబ్బు కట్టకముందే అడగాల్సినవి. ఏ రకం బాండ్, ఎన్ని పాయలు, ఒక్కోటి ఎన్ని గ్రాములు, తీసే మందు పేరేంటి, తీయడానికి ఎంత తీసుకుంటారు, ఎవరు తీస్తారు. ఇవన్నీ బిల్లు మీద రాయించుకోండి. రిమూవర్ సీసా చూపించమనండి. పేరు లేని ప్లాస్టిక్ సీసా చూపిస్తే అక్కడినుంచి వచ్చేయండి. మూడు రోజుల పెళ్ళికైతే ఇవేవీ అవసరం లేదు. మంచి సవరమో క్లిప్ పాయలో చాలు, రాత్రికి తీసి పక్కన పెట్టేయొచ్చు.

నష్టం జరిగిపోయి ఉంటే, బిల్లు, ముందూ తర్వాతా ఫోటోలు, తెగిన జుట్టు దాచి ఉంచి 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు ఫిర్యాదు వేయొచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు.

తీసిన తర్వాత మాడు రెండు మూడు రోజులు సున్నితంగా ఉండడం మామూలే. వారం దాటినా నొప్పి తగ్గకపోయినా, చీము పొక్కులు వచ్చినా, కణతల దగ్గరో పాపిట మొదట్లోనో చర్మం నున్నగా బయటపడుతున్నా ఇంటి వైద్యాలతో రోజులు గడపకండి. లాగుడు వల్ల ఊడిన జుట్టు తొలి దశలో చూపించుకుంటే తిరిగి వస్తుంది, కుదుళ్ళు మూసుకుపోతే రాదు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల విభాగంలోనో మీకు తెలిసిన చర్మ డాక్టరు దగ్గరో చూపించుకోండి. వెళ్ళేటప్పుడు వాడిన మందు సీసా ఫోటో ఉంటే తీసుకెళ్ళండి, డాక్టరు మొదట అడిగేది దాదాపు అదే.