మంచం దగ్గరే తీసే ఛాతీ ఎక్స్‌రే: ఐసీయూలో దాని విలువెంత?

వెంటిలేటర్ మీద ఉన్న రోగిని ఎక్స్‌రే గదికి తరలించడమే ఒక ప్రమాదం కాబట్టి, ఐసీయూలో పోర్టబుల్ యంత్రాన్నే మంచం దగ్గరకు తెచ్చి ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఈ సేవను రోజూ వాడుకునే వైద్యుడిగా, గొట్టాలు ఎక్కడున్నాయో చూపించడంలో దీనికి పూర్తి మార్కులు వేస్తాను. శ్వాసనాళంలో వేసిన గొట్టం కొన, ఆ నాళం రెండుగా చీలే చోటికి సుమారు 5 సెంటీమీటర్లు పైన ఉండాలి. మెడ వంచినా వెనక్కి వాల్చినా అది దాదాపు 2 సెంటీమీటర్లు జరుగుతుంది. ఒక రాత్రి ఆక్సిజన్ క్రమంగా పడిపోతున్న ఒక రోగికి ఎక్స్‌రే తీయిస్తే ఎడమ ఊపిరితిత్తి మొత్తం తెల్లగా కనిపించింది. గొట్టం కుడి శ్వాసనాళంలోకి దిగిపోవడంతో ఎడమ వైపుకు గాలి అందడం లేదు. 3 సెంటీమీటర్లు వెనక్కి లాగాక ఆక్సిజన్ మెల్లగా పెరిగింది. ముక్కు నుంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్ కడుపులోకే దిగిందా, ఊపిరితిత్తిలోకి పోయిందా అన్నది ఆహారం ఎక్కించే ముందే తేల్చేదీ ఈ చిత్రమే.

రోగనిర్ధారణ విషయంలో మాత్రం అంత నమ్మకం పెట్టుకోలేను. మామూలు ఎక్స్‌రేలో కిరణాలు వీపు వైపు నుంచి, సుమారు 180 సెంటీమీటర్ల దూరం నుంచి వస్తాయి. ఇక్కడ రొమ్ము వైపు నుంచి, చాలావరకు 100 సెంటీమీటర్ల నుంచే వస్తాయి కనుక గుండె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. వెల్లకిలా పడుకున్న రోగిలో ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు వెనక పరుచుకొని పలుచని మసకలాగా, ఊపిరితిత్తి నుంచి బయటికి కారిన గాలి ముందు వైపు చేరి దాదాపు కనిపించకుండా ఉంటాయి. ఈ రెండింటికీ అల్ట్రాసౌండ్ మెరుగు.

చిత్రం నాణ్యత టెక్నీషియన్ ఓపికను బట్టే ఉంటుంది. చిత్రం పడే ప్లేటును వీపు కిందికి జరుపుతున్నంతసేపూ ఒక నర్సు గొట్టాన్ని నోటి దగ్గర పట్టుకొని ఉండాలి. ఛాతీకి అడ్డంగా పడిన ఈసీజీ తీగలను పక్కకు తీయాలి. భుజాలు ఒక వైపుకు ఒరగకూడదు. ఇవన్నీ శ్రద్ధగా చేసే టెక్నీషియన్ దొరకడం రోగి అదృష్టమనే నేను అనుకుంటాను.

నా అసలు అభ్యంతరం, అవసరం ఉన్నా లేకున్నా ప్రతి ఉదయం ఎక్స్‌రే తీసే అలవాటు మీద. ఫ్రాన్స్‌లోని 21 ఐసీయూలలో 849 మంది వెంటిలేటర్ రోగులపై జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, అవసరమైనప్పుడే తీసే పద్ధతి వల్ల ఎక్స్‌రేలు సుమారు 32 శాతం తగ్గాయి. వెంటిలేటర్ మీద గడిపిన రోజులు గానీ మరణాలు గానీ పెరగలేదు. ఒక్క ఎక్స్‌రేతో రోగికి తగిలే రేడియేషన్ స్వల్పమే. కానీ తెల్లవారకముందే రోగిని లేపి, ఒళ్లంతా కదిలించి, గొట్టాలు ఊడే ప్రమాదానికి గురిచేయడం చిన్న సంగతి కాదు. అందుకే మా యూనిట్‌లో ఎక్స్‌రే కోరుతూ రాసే పత్రం మీద ‘రొటీన్’ అని రాయవద్దని పట్టుబడుతున్నాను. ఏ గొట్టం కోసమో, ఏ అనుమానంతోనో ఒక్క వాక్యం రాస్తే, చిత్రం చదివే రేడియాలజిస్టు ముందుగా అక్కడే చూస్తారు.