లిమానా, కుస్కోనా: గైడ్‌ని పెట్టుకుని నడవడం ఏ ఊళ్ళో మేలు?

కొండల్లోని ఇంకాల పాత నగరం మాచు పిచ్చు చూడాలని పెరూ వెళ్ళేవాళ్ళకి ఈ రెండు ఊళ్ళూ దారిలో ఎలాగూ తగులుతాయి. విమానం దిగేది లిమాలో, కొండల్లోకి వెళ్ళేది కుస్కో మీదుగా. రెండూ స్పెయిన్ వాళ్ళు ఏలిన పాత నగరాలే. రెండు చోట్లా పాత ఊరంతా యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. రెండు చోట్లా నడి చౌక్‌లో నిలబడితే "వాకింగ్ టూర్ కావాలా" అంటూ గైడ్లు పలకరిస్తారు. ఉన్నది ఒక్క పూట, గైడ్‌కి డబ్బు పెట్టగలిగేది ఒక్కసారే అయితే ఎక్కడ పెట్టాలి? ఈ మధ్య అటు వెళ్తున్న స్నేహితులు ఇదే అడిగారు. రెండు ఊళ్ళలోనూ నడిచాను కాబట్టి చెప్తున్నాను, నా ఓటు కుస్కోకి.

అలాగని లిమాలో చూడ్డానికేమీ లేదని కాదు. పెరూని జయించిన స్పెయిన్ సేనాని ఫ్రాన్సిస్కో పిజారో 1535 జనవరి 18న ఆ ఊరికి పునాది వేశాడు. సముద్రం ఒడ్డు ఊరు, నేలంతా చదును. చౌక్‌లో ఒక పక్క అధ్యక్ష భవనం, ఇంకో పక్క కతీడ్రల్ అనే పెద్ద చర్చి, చుట్టూ గళ్ళు గీసినట్టు తిన్నని వీధులు. దారి తప్పమన్నా తప్పరు. తలెత్తి చూస్తే మేడల మీద అన్ని వైపులా చెక్క జాలీలతో మూసేసిన బాల్కనీలు. లోపలి వాళ్ళకి వీధంతా కనిపిస్తుంది, వీధిలో వాళ్ళకి లోపలి మనిషి కనపడదు. 1735 నాటి తోర్రె తాగ్లె భవనం బాల్కనీల చెక్కడం చూస్తూ ఎదురు పేవ్‌మెంట్ మీద ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఇప్పుడది విదేశాంగ శాఖ కార్యాలయం. బయటి నుంచి చూడ్డానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

లిమాలో నాకు బాగా నచ్చిన సంగతి మాత్రం కంటికి కనపడనిది. ఆ ఊరిని భూకంపాలు మళ్ళీ మళ్ళీ కూల్చాయి. 1746 అక్టోబర్ 28న వచ్చిన భూకంపానికి ఊరు దాదాపు నేలమట్టమైంది. ఇన్ని దెబ్బలు తిన్నాక అక్కడి మేస్త్రులు పై బరువు తగ్గించారు. కర్ర చట్రానికి రెల్లు, వెదురు అల్లి మట్టి మెత్తే పద్ధతిని వాళ్ళు కించా అంటారు. మన పల్లెల్లో తడికకి మట్టి మెత్తి కట్టే గోడ లాంటిదే. కతీడ్రల్ లోపల తలెత్తి చూస్తే రాతి కమానులే అనిపిస్తాయి, కానీ అవి చెక్క, తడిక, మట్టి. భూమి ఊగితే అవీ ఊగుతాయి గానీ రాతికప్పులా నెత్తిన కూలిపోవు. పక్కన చెప్పే మనిషి లేకపోతే ఇది తెలియదు, నిజమే. కానీ ఇలా ఒకసారి చదువుకుని వెళ్తే చాలు.

కతీడ్రల్‌లోనే పిజారో సమాధి ఉంది. దాదాపు ఒక శతాబ్దం పాటు వేరెవరిదో శవాన్ని ఆయనదని చూపించారు. 1977లో పనివాళ్ళకి నేలమాళిగలో ఆయన పేరు చెక్కిన సీసపు పెట్టె, అందులో పుర్రె దొరికాక గానీ ఆ పొరపాటు బయటపడలేదు. సాన్ ఫ్రాన్సిస్కో మఠం కింద వేల మంది ఎముకలున్న సమాధి గదులకైతే, నేను వెళ్ళినప్పుడు టికెట్‌తో పాటే మఠం గైడ్ వచ్చారు. వేరే గైడ్‌కి ఇచ్చే డబ్బు మిగిలింది.

కుస్కోలో అలా కుదరదు. అక్కడ ప్రతి కట్టడం కింద ఇంకో కట్టడం ఉంది. 1533 నవంబర్‌లో స్పెయిన్ సైన్యం వచ్చేనాటికి అది అంతకుముందు ఆ కొండల్ని ఏలుతున్న ఇంకాల రాజధాని. వాళ్ళ రాజభవనాలు పడగొట్టి, అవే పునాదుల మీద చర్చిలు లేపారు. కతీడ్రల్‌కి వాడిన రాళ్ళలో చాలా వరకు కొండ మీది సాక్సాయ్‌వామాన్ కోట నుంచి మోసుకొచ్చినవి. చౌక్‌లో ఇప్పుడు పూల మడులు, బెంచీలు. స్పెయిన్ పాలన మీద తిరగబడ్డ ఇంకా వంశస్థుడు రెండో తుపాక్ అమారుని 1781 మే 18న భార్యతో, పెద్ద కొడుకుతో సహా చంపింది అక్కడే. ఒక్కడినే వచ్చి ఉంటే ఆ బెంచీ మీద కూర్చుని ఫొటో తీసుకుని లేచిపోయేవాణ్ణి.

మా గైడ్ అమ్మాయి ఇంట్లో ఇంకాల భాష కెచువా మాట్లాడతారట. లోరెతో అనే సన్నటి సందులోకి తీసుకెళ్ళి, ఇంకాల గోడ అంచుకి మడమలు చేర్చి నిటారుగా నిలబడమంది. మడమలు గోడ దగ్గరే ఉన్నాయి, తల వెనక మాత్రం బెత్తెడు ఖాళీ. గోడ పైకి వెళ్ళేకొద్దీ వెనక్కి వాలుతుందని అప్పుడు వీపుకి తెలిసింది. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు. "భూకంపమొస్తే ఈ వాలే కాపాడుతుంది" అంది. ఊరికే అన్న మాట కాదు. 1950 మే 21న భూకంపం వచ్చినప్పుడు సాంతో దొమింగో చర్చిలో స్పెయిన్ వాళ్ళు కట్టిన భాగాలు కూలాయి, వాటి కింద ఉన్న కొరికాంచ సూర్యాలయం గోడలు నిలబడ్డాయి.

కతీడ్రల్ లోపల మార్కోస్ సపాతా గీసిన యేసు చివరి విందు చిత్రం ఉంది. బల్ల మధ్యలో పళ్ళెంలో కూయ్, అంటే అక్కడి వాళ్ళు పండగకి వండుకునే గినీ పిగ్. మతం వచ్చినవాళ్ళదే అయినా తిండి మాత్రం సొంత ఊరిది. ఆ అమ్మాయి వేలుతో చూపించకపోతే నేను గమనించేవాణ్ణే కాదు.

ఎలాంటి గైడ్ అనేది ఇంకో ప్రశ్న. ఫ్రీ టూర్ పేరుకే ఫ్రీ, చివర్లో టిప్ ఇవ్వాలి. గైడ్ సంపాదన అదే కాబట్టి ధారాళంగానే ఇవ్వండి. వీధుల వరకు అది బాగానే ఉంటుంది గానీ, మామూలుగా చర్చిల లోపలికి తీసుకెళ్ళరు. కుస్కోలో అసలు సంగతులు సగం లోపలే ఉన్నాయి. అందుకే నలుగురు కలిసి లైసెన్సున్న గైడ్‌ని మాట్లాడుకోవడం మేలు. టికెట్ల దగ్గర చాలామంది పొరబడతారు. బొలేతో తురీస్తికో అనే ఉమ్మడి టికెట్‌తో సాక్సాయ్‌వామాన్ చూడొచ్చు. కతీడ్రల్‌కీ కొరికాంచ ఆలయానికీ అది చెల్లదు, వేరే కొనాలి.

పెద్దవాళ్ళని, గుండె జబ్బో ఆయాసమో ఉన్నవాళ్ళని తీసుకెళ్తుంటే మాత్రం నా సలహా మారుతుంది, లిమాలోనే నడవండి. కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది, మన తిరుమలకి సుమారు నాలుగు రెట్లు. అక్కడ గాలి పల్చన, దిగిన రోజే సాన్ బ్లాస్ పేట మెట్లు ఎక్కబోతే తలనొప్పితో కూలబడాల్సి రావచ్చు. మాకు మొదటి రోజంతా కోకా ఆకు టీ తాగుతూ గదిలోనే గడిచింది. నడక రెండో రోజుకో మూడో రోజుకో పెట్టుకోండి.

గైడ్‌తో రేటు మాట్లాడేటప్పుడే కొరికాంచ లోపలికి కూడా వస్తారా అని అడగండి. బయట పచ్చిక దగ్గర నిలబెట్టి, చర్చి కింద వంపు తిరిగిన నల్లరాతి గోడని దూరం నుంచి చూపించి సెలవు తీసుకునేవాళ్ళూ ఉంటారు. ఒకప్పుడు బంగారు రేకులు తాపడం చేసిన ఆ గోడల గదులు లోపలే ఉన్నాయి.