ఐదు డిస్కుల్లో వహీదా రెహమాన్

'రోజులు మారాయి'లో 'ఏరువాక సాగారో' పాటకు వహీదా రెహమాన్ నర్తించిన తీరును మా ఇంట్లో పెద్దవాళ్ళు ఎన్నోసార్లు తలుచుకోగా విన్నవాణ్ణి కనుక, ఆమె హిందీ చిత్రాలు ఐదింటిని ఒకే పెట్టెలో అమ్ముతున్నారని తెలియగానే వెంటనే తెప్పించుకున్నాను. దాదాపు వెయ్యి రూపాయలైంది. 'ప్యాసా', 'కాగజ్ కే ఫూల్', 'గైడ్', 'తీస్రీ కసమ్', 'ఖామోషీ' ఇందులో ఉన్నాయి.

అన్నిటికన్నా బాగా వచ్చింది 'ఖామోషీ' (1969). మతి చలించిన రోగిని మామూలు మనిషిని చేయడానికి ప్రేమను నటించవలసి వచ్చి, ఆ నటనలో తానే చిక్కుకుపోయే నర్సు రాధ కథ ఇది. ఇదే బెంగాలీ కథతో తెలుగులో 1960లో 'చివరకు మిగిలేది' వచ్చింది. అందులో సావిత్రిని చూసినవారు రాధను ఆమెతో పోల్చకుండా ఉండలేరు, నేనూ పోల్చాను, ఎవరు మిన్న అన్నది మాత్రం తేల్చుకోలేకపోయాను. 'తుమ్ పుకార్ లో' పాటలో పాడుతున్న మనిషి ముఖం మనకు సరిగా కనిపించదు, ఆ పాట బరువంతా వింటున్న రాధ ముఖమే మోస్తుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నప్పుడు వహీదా చేసే నటనే ఆమె అసలు నటన అని నా అభిప్రాయం. నలుపు తెలుపుల మధ్య ఉండే సన్నని ఛాయలు కూడా చెడకుండా ఉన్నందువల్ల ఈ డిస్కులో అది పూర్తిగా అందుతుంది.

'గైడ్' (1965) రంగులు కొంచెం ముదిరినా, పాములవాళ్ళ ఆటను చూస్తూ చూస్తూ రోజీ తనను తాను ఆపుకోలేక నాట్యానికి దిగే ఘట్టం చెక్కుచెదరలేదు. భరతనాట్యం నేర్చిన దేహం ఎన్నాళ్ళో అణచిపెట్టుకున్న ఆకలి అక్కడ బయటపడుతుంది. 'ప్యాసా' ప్రతికి వంక పెట్టనక్కరలేదు. 'తీస్రీ కసమ్'లో నౌటంకీ (ఉత్తరాది జానపద నాటకం) నర్తకి హీరాబాయి, బండివాడు హీరామన్ పాటను బండిలో కూర్చుని వినే దృశ్యాలు హాయిగా ఉన్నాయి కానీ, పాటలకు ఉపశీర్షికలు వేయలేదు. పాటల రచయిత శైలేంద్ర నిర్మించిన చిత్రానికి, అందులోనూ పాటలకే, ఇలా చేయడం ఏమి పొదుపో నాకు అర్థం కాలేదు.

అసలు దెబ్బ 'కాగజ్ కే ఫూల్' (1959)కు తగిలింది. వెడల్పు తెర పద్ధతి అయిన సినిమాస్కోప్‌లో తీసిన తొలి భారతీయ చిత్రాన్ని పాత టీవీ కొలతకు ఇరుపక్కలా కోసేశారు. 'వక్త్ నే కియా' పాటలో ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి నిలిపిన వెలుగు స్తంభానికి అటు నాయకుడు, ఇటు వహీదా వేసిన శాంతి దూరంగా నిలబడి ఉండగా, ఆ దూరమే కథ కాగా, ఈ ప్రతిలో మధ్యనున్న వెలుగు మిగిలింది, మనుషులు తెగిపోయారు. మాట లేకుండా అంచున నిలబడి నటించే నటికి ఇంతకన్నా అన్యాయం ఉండదు.

తక్కిన నాలుగు చిత్రాల కోసం ఈ పెట్టెను కొనవచ్చు. ఆ ఒక్క డిస్కునూ మార్చమని అమ్మినవారికి రాశాను. వారు మర్యాదగానే వారంలో మరొకటి పంపించారు. అందులోనూ శాంతి సగమే నిలబడి ఉంది.