సరుకు వయసు చెప్పే రిపోర్టు: ఆటోనగర్ దుకాణదారు అనుభవం

విశాఖపట్నం ఆటోనగర్‌లో బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్లు అమ్మే మా దుకాణంలో, 2017 జూలైలో జీఎస్టీ మొదలైనప్పుడు పెట్టించిన సాఫ్ట్‌వేరునే ఇప్పటికీ వాడుతున్నాము. బిల్లులు, రిటర్నుల సంగతి అందరికీ తెలిసినదే. నేను రాయదలచుకున్నది అందులోని స్టాకు ఏజింగ్ రిపోర్టు గురించి, ఎందుకంటే మా లాభాన్ని నిజంగా కదిలించినది అదొక్కటే.

ఏ సరుకు ఎన్నాళ్లుగా అరలో పడి ఉందో చూపే ఆ రిపోర్టును మొదటిసారి తీసినప్పుడు, మేము ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు అప్పు) మీద వడ్డీ కడుతున్న సొమ్ములో పెద్ద భాగం ఏడాదికి పైగా కదలని సైజుల్లో ఇరుక్కుని ఉందని తేలింది. అందులో ఎక్కువ భాగం డిస్కౌంటు స్కీముల్లో వచ్చిన సరుకే. ఆనాటి నుంచి, స్కీము ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, ఆ రిపోర్టు చూడనిదే ఆర్డరు పెట్టడం లేదు. అమ్మకాల మీద మార్జిను పెరగలేదు గానీ, వడ్డీ తగ్గిన మేరకు నికర లాభం పెరిగింది. నాకు ఎంతో సంతృప్తినిచ్చిన మార్పు అది.

అయితే డాబా గార్డెన్స్‌లో రెండో దుకాణం తెరిచాక, ఇక్కడి నుంచి అక్కడికి పంపిన పాత సరుకును సాఫ్ట్‌వేరు ఆ రోజే కొన్నట్టు లెక్కించసాగింది. రబ్బరు గట్టిపడిన సీళ్లు తెరమీద కొత్తవిగా కనిపిస్తుంటే, మా స్టోర్ కీపరు పెట్టె మీది తయారీ తేదీ చదివి ఆ తేడాను పట్టుకున్నారు. సాఫ్ట్‌వేరు అమ్మినవారు అది లోపమే కాదని చాలాకాలం వాదించి, చివరికి బ్యాచ్ వారీగా లెక్కించే ఏర్పాటుకు విడిగా రుసుము తీసుకున్నారు. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఐటీ (కంప్యూటర్లు, సాఫ్ట్‌వేరు) మీద పెట్టుబడి ఉత్పాదకతను, వినియోగదారులకు దక్కే ప్రయోజనాన్ని పెంచినా, సంస్థల లాభదాయకతను పెంచిందనడానికి ఆధారం దొరకలేదని అమెరికా పరిశోధకులు లోరిన్ హిట్, ఎరిక్ బ్రిన్‌జాల్ఫ్‌సన్ 1996లో రాశారు. కొటేషన్ల విషయంలో మాకు జరిగినదీ అదే: అందరూ కంప్యూటర్లు పెట్టుకున్నాక, నాలుగు ధరలు పోల్చి బేరమాడడం ఫ్యాక్టరీల కొనుగోలు విభాగాలకు సులువైంది, మా ధర మాత్రం పెరగలేదు.

అప్పు తెచ్చి వేల రకాల సరుకు నిలవ ఉంచేవారికి ఈ రిపోర్టు పనికివస్తుంది. సొంత డబ్బుతో, వారంలో అమ్ముడయ్యే సరుకు పెట్టుకునేవారికి సాఫ్ట్‌వేరు రెన్యువల్ ఖర్చు కూడా తిరిగి రాకపోవచ్చు. మాకైనా రెన్యువల్, ఆ విడి రుసుము, స్టాకు లెక్కలకు పెట్టుకున్న మనిషి జీతం తీసేస్తే మిగిలేది కొద్దిగానే. ఓడీ మీద ఆధారపడినంత కాలం దీనిని కొనసాగిస్తాను.