పాత పెంటియంలో, కొత్త లాప్‌టాప్‌లో మేమ్: రెండింట్లోనూ ముస్తఫా ఆడి చూశాను

పోయిన దసరా సెలవులకు తమ్ముడి కుటుంబం దేవరకొండ వచ్చినప్పుడు, అటక మీది పాత పెంటియం 4 దించాను. విండోస్ ఎక్స్‌పీ, 512 ఎంబీ ర్యామ్. పక్కన నా ఐ5 లాప్‌టాప్. రెండింట్లోనూ మేమ్ నడిపాను.

తెలియనివాళ్లకు ఒక మాట. మేమ్ అంటే వీడియో గేమ్ దుకాణాల్లోని మెషిన్ల బోర్డు మీద చిప్పులు చేసే పనిని సాఫ్ట్‌వేర్‌తో చేయించే ఎమ్యులేటర్. నికోలా సాల్మోరియా అనే ఇటలీ ఆయన 1997లో మొదలుపెట్టాడు. ఉచితం. దాని లక్ష్యం స్పీడు కాదు, అసలు మెషిన్ ఎలా పనిచేసిందో అచ్చం అలాగే పనిచేయడం. అందుకే వెర్షన్ పెరిగేకొద్దీ బరువెక్కింది.

కొత్త వెర్షన్ పెంటియంలో తెరుచుకోనే లేదు. ఇప్పుడు విండోస్‌కు అధికారికంగా ఇచ్చేది 64 బిట్ ఒక్కటే, నా ఎక్స్‌పీ 32 బిట్‌ది. అప్పట్లో నెట్ సెంటర్లలో పెన్‌డ్రైవ్‌లో తిరిగిన మేమ్32 అనే పాత విండోస్ వెర్షన్ నా పాత సీడీలో దొరికింది. దాంట్లో ముస్తఫా ఒక్క చోట కూడా ఆగలేదు. మనం ముస్తఫా అని పిలిచిన ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. టెక్కెన్ 3 పెడితే మాత్రం పాపం పెంటియం అల్లాడిపోయింది. సౌండ్ ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ మెషిన్‌లో త్రీడీ ఆటల జోలికి పోవద్దు.

లాప్‌టాప్‌లో రెండూ హాయిగా నడిచాయి. కానీ పాత సీడీలోని రోమ్ (ROM) ఫైళ్లను, అంటే ఆట చిప్పుల్లోంచి తీసిన డేటా కాపీలను, కొత్త మేమ్‌కు ఇస్తే, కొన్ని ఆటలకు ఫైళ్లు లేవంది. చిప్‌లోని డేటాను మళ్లీ సరిగ్గా తీసినప్పుడల్లా ఆ ఆట ఫైళ్ల సెట్ మారుతుంది. ఏ వెర్షన్‌కు ఆ వెర్షన్ సెట్ ఉండాలి. నాకు ఒక సాయంత్రం దీనికే పోయింది. నియో జియో అనే మెషిన్ ఆటలకైతే దాన్ని మొదలుపెట్టే ప్రోగ్రామ్, అంటే బయోస్, ఉన్న జిప్ ఫైల్ కూడా అదే ఫోల్డర్‌లో ఉండాలి, విప్పనక్కర్లేదు. రోమ్‌ల హక్కులు ఆయా కంపెనీలవే. రాబీ రోటో లాంటి కొన్నింటిని మేమ్ సైట్‌లోనే హక్కుదారుల అనుమతితో పెట్టారు, వాటితో మొదలుపెట్టండి.

బొమ్మ విషయంలో నా ఓటు లాప్‌టాప్‌కు కాదు. ముస్తఫా బొమ్మ 384 అడ్డం, 224 నిలువు చుక్కలే. పెద్ద ఎల్‌సీడీలో సాగదీస్తే మసకగా కనిపించింది. పెంటియంకున్న డబ్బా మానిటర్‌లో రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసి, ముస్తఫా టోపీ దుకాణంలో చూసినట్టే కనిపించింది. లాప్‌టాప్‌లో డబ్బా మానిటర్‌లో కనిపించే సన్నటి అడ్డగీతల ఎఫెక్ట్ పెట్టుకోవచ్చు, బాగానే ఉంది, కానీ డబ్బా మానిటర్ ముందు తక్కువే.

తమ్ముడు పెంటియం ముందు కూర్చుని, "అన్నా, కాయిన్ వెయ్యి" అన్నాడు. కీబోర్డు మీద 5 నొక్కాను. చిన్నప్పుడు ఒక్క రూపాయికి ఇద్దరం వంతులేసుకున్నాం. ఇప్పుడు ఎన్నిసార్లు నొక్కినా అయిపోదు.

ఒకే కీబోర్డు మీద ఇద్దరం ఆడితే మాత్రం మూడు నాలుగు కీలు ఒకేసారి పడగానే ఒకటి పనిచేయదు. మేమ్ తప్పు కాదు, మామూలు కీబోర్డుల తీరే అంత. నల్లగొండ గడియారం సెంటర్ వైపు పోయినప్పుడు ఒక యూఎస్‌బీ జాయ్‌స్టిక్ తెచ్చాను. తమ్ముడి కొడుకు దాన్ని వదలలేదు. సంక్రాంతికి మళ్లీ వస్తానన్నాడు, ఈలోపు రెండోది తేవాలి.